ఇల్లు ఎప్పుడు చూడాలి? ఎప్పుడు కొనాలి?

దసరా పోయింది. దీపావళి దగ్గరికొచ్చింది. ఆసిఫాబాద్ చుట్టుపక్కల చేన్లలో పత్తి తెల్లగా విచ్చుకుంది. పొద్దున్నే ఆడవాళ్లు ఒడి కట్టుకొని పత్తి ఏరడానికి పోతారు. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు పత్తి నింపుకొని జిన్నింగు మిల్లుల దారి పడతాయి. ఏడాదిలో ఇంటికి నాలుగు డబ్బులు వచ్చే కాలం ఇదే.

డబ్బు వచ్చినప్పుడే ఆలోచనలూ వస్తాయి. బిడ్డ పెండ్లి చెయ్యాలి. ఎడ్లు కొనాలి. సొంత ఇల్లు ఉంటే బాగుండు. బేరం కుదిర్చేవాళ్లకు ఈ సంగతి తెలుసు. వాళ్లూ ఈ కాలంలోనే తిరుగుతారు.

"అక్కా, మంచి ఇల్లుంది. రేపు మాపు అంటే వేరేటోళ్లు తీసుకుంటరు. బయానా ఇచ్చెయ్" అంటారు.

ఒక ఇల్లాలు ఆ ఇల్లు చూడటానికి పోయింది అనుకుందాం. గోడలకు కొత్త సున్నం. బావి నిండా నీళ్లు. ఇంటి ముందు దారి పొడిగా ఉంది. ఎండ మెత్తగా ఉంది. వాకిట్లో బంతిపూలు. ఆమెకు ఇల్లు నచ్చింది. నచ్చకుండా ఎట్లా ఉంటుంది?

కానీ ఇల్లు ఏడాది పొడుగునా ఒక్క తీరుగా ఉండదు. పండుగల కాలంలో ఏ ఇల్లయినా అందంగానే ఉంటుంది. దసరాకు ముందు ఇండ్లకు సున్నాలు వేస్తారు. వానకు కారిన మరకలు ఆ సున్నం కింద దాగిపోతాయి. వానలు ఇప్పుడే వెళ్లాయి, అందుకే బావిలో నీళ్లున్నాయి. వాగు తగ్గింది, అందుకే దారి బాగుంది. చేతిలో డబ్బు ఉండే కాలమే ఇల్లు తన లోపాలు దాచుకునే కాలం. ఏండ్ల తరబడి కూడబెట్టిన డబ్బు ఒక్క పూట చూపుతో పోతుంది.

మరి ఇల్లు ఎప్పుడు చూడాలి?

వానలో చూడాలి

ఆసిఫాబాద్ ప్రాంతంలో వానలు ఎక్కువే. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. అందులో చాలావరకు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. అంటే ఏడాది వాన నాలుగు నెలల్లో ఇంటి మీద పడుతుంది. ఇంటి బలం ఏమిటో ఆ నాలుగు నెలల్లో తేలుతుంది.

మంచి ముసురు పట్టిన రోజు చూసి ఆ ఇంటికి పోవాలి. గొడుగు పట్టుకొనే పోవాలి. లోపల నిలబడి పైకి చూడాలి. గూనపెంకుల ఇల్లయితే ఎక్కడ పెంకు జరిగిందో అక్కడ చుక్క పడుతుంది. పెంకు జరిగితే భయం లేదు, సర్దితే సరిపోతుంది. మృగశిర కార్తెకు ముందు పెంకులు సర్దుకోవడం అందరికీ ఉన్న పనే. పెంకు కింది వాసాలు, దూలం నాని పుచ్చిపోతే మాత్రం పెద్ద ఖర్చు. స్లాబు ఇల్లయితే స్లాబు కింద తడి మరకలు చూడాలి. ఆ మరక పక్కన తుప్పు రంగు ఉంటే లోపల ఇనుప చువ్వ తుప్పు పట్టిందని అర్థం. చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, కింది సిమెంటు పెచ్చులుగా ఊడుతుంది.

గోడల అడుగు చూడాలి. అక్కడ చెయ్యి పెట్టి చూడాలి. నేలలోని తడి గోడలోకి ఎక్కుతుంది. దీపంలో వత్తి నూనె పీల్చినట్టే గోడ నీళ్లు పీలుస్తుంది. ఎంత ఎత్తు దాకా తడి ఉందో చూస్తే తెలుస్తుంది.

ఇంటి కంటే ముందు దారి చూడాలి. ఆసిఫాబాద్ పక్క నుంచే పెద్దవాగు పోతుంది. ముందుకు పోయి ప్రాణహితలో కలుస్తుంది. పెద్దవాగులోకి వచ్చే చిన్న వాగులు, ఒర్రెలు చాలా ఉన్నాయి. ఎండాకాలంలో చెప్పులతో దాటే ఒర్రె వానాకాలంలో మనిషిని దాటనివ్వదు. కాగజ్‌నగర్, దహెగాం మండలాల నడుమ అందవెల్లి దగ్గర పెద్దవాగు మీద పెద్ద వంతెన ఉండేది. 2022 వానలకు ఆ వంతెనే దెబ్బతిని కూలిపోయింది. ఇల్లు ఎంత బాగున్నా, పురిటి నొప్పులు వచ్చిన మనిషిని దవాఖానకు తీసుకుపోయే దారి లేకపోతే ఏం లాభం?

అమ్మేవాళ్లు ఈ సంగతులు చెప్పరు. బోరింగు కాడ నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు చెప్తారు. పక్కింటి ముసలమ్మను అడిగితే ఇంకా మంచిది.

"అవ్వా, ఈ ఇంట్లకు వాన నీళ్లు వస్తయా?"

"ఎందుకు రావు బిడ్డా? పెద్ద వాన కొడితే గడప దాక వస్తయి. ఒకసారైతే పొయ్యి ఆరిపోయింది. గింజలన్నీ అటుక మీదికి ఎక్కించిన్రు."

"మరి ఇల్లు అమ్మేటాయన నీళ్లు రావన్నడు?"

"ఆయనెందుకు చెప్తడు? అమ్ముకునేటోడు గదా!"

ఈ నాలుగు మాటలకు ఖర్చు ఏమీ లేదు.

నల్లరేగడి సంగతి

ఈ ప్రాంతంలో చాలాచోట్ల నల్లరేగడి నేల. పత్తికి ఎంతో మంచి నేల. ఇంటికి మాత్రం కష్టం పెట్టే నేల. ఎందుకు?

శనగలు నానబెడితే ఏమవుతాయి? నీళ్లు తాగి ఉబ్బుతాయి. నల్లరేగడి కూడా అంతే. అందులో చాలా సన్నని బంకమట్టి ఉంటుంది. వాన పడితే నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఎండ కొడితే ముడుచుకుపోతుంది. మే నెలలో చేనులోకి పోతే చెయ్యి పట్టేంత నెర్రెలు కనిపిస్తాయి. ఆ నెర్రెలు ముడుచుకున్న మట్టి గుర్తులే.

ఇప్పుడు ఆ నేల మీద ఇల్లు ఉంది. వానాకాలంలో నేల ఉబ్బి గోడను పైకి తోస్తుంది. ఎండాకాలంలో ముడుచుకొని గోడను కిందికి జారవిడుస్తుంది. ఇంటి నడుమ ఉన్న నేలకు ఎండా వానా అంతగా తగలవు. అది పెద్దగా కదలదు. బయటి గోడల కింది నేల మాత్రం ఏటా పైకీ కిందికీ కదులుతుంది. ఒకచోట కదిలి ఇంకోచోట కదలకపోతే గోడ పగలకుండా ఎట్లా ఉంటుంది?

ఈ పగుళ్లు ఎక్కడ వస్తాయి? కిటికీ మూల నుంచి, దర్వాజ పై మూల నుంచి ఏటవాలుగా పోతాయి. గోడ మీద సన్నని వెంట్రుక లాంటి గీత ఉంటే కంగారు పడొద్దు. అది పైపూత పగులు కావచ్చు. పగులులో రూపాయి బిళ్ల దూరిందంటే ఆలోచించాలి. వానాకాలంలో దర్వాజ పట్టేస్తుందా అని కూడా చూడాలి. అయితే చెక్క కూడా తడికి ఉబ్బుతుంది. ఒక్క దర్వాజ పట్టినంత మాత్రాన ఇల్లు చెడ్డది కాదు. దర్వాజ పట్టి, దాని పైన ఏటవాలు పగులు కూడా ఉంటే కింద నేల కదులుతోందని అనుకోవాలి.

ఈ పగుళ్లు ఎండాకాలం చివర బాగా నోరు తెరుస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. గోడల సంగతి చెప్పాలా! అందుకే వానలో ఒకసారి చూసిన ఇంటిని మే నెలలో ఇంకోసారి చూడాలి. దీపావళికి చూస్తే సిమెంటు పూసి సున్నం వేసిన గోడే కనిపిస్తుంది. గోడ మీద ఒకచోట మాత్రమే కొత్త సిమెంటు ఉంటే, "ఇక్కడ ఏమైంది?" అని అడగాలి.

నల్లరేగడిలో కట్టిన ఇండ్లన్నీ ఇట్లా కావు. పునాది నల్లమట్టిని దాటి కింది మొరం దాకా దిగితే ఇల్లు గట్టిగా నిలుస్తుంది. ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ ఊళ్లోనే ఉంటాడు. పునాది ఎన్ని అడుగులు తవ్వారు, మొరం తగిలిందా లేదా అని ఆయన్ని అడగాలి.

ఎండాకాలంలో ఇంకా చూడాల్సింది నీళ్లు. కార్తీకంలో చేతికి అందే బావి నీళ్లు మే నెలలో ఎంత లోతుకు పోతాయి? బోరు ఎన్ని బిందెలకు ఆగిపోతుంది? నల్లా ఎన్ని రోజులకు ఒకసారి వస్తుంది? నీళ్లు మోసేది ఎవరో అందరికీ తెలుసు. అందుకే ఈ ప్రశ్న ఆడవాళ్లే అడగాలి. రేకుల ఇల్లయితే మధ్యాహ్నం రెండు గంటలకు పోయి కాసేపు లోపల కూర్చోవాలి. చంటిపిల్లను అక్కడ పడుకోబెట్టగలమా లేదా అన్నది కూర్చుంటే తెలుస్తుంది.

ఏ నెలలో బేరం మంచిది?

ఇంటి ధర కూడా కాలాన్ని బట్టి మారుతుంది. చలి దేశాల్లోనూ ఇదే తీరు. అక్కడ మంచు పడే నెలల్లో ఇండ్లు కొనేవాళ్లు తగ్గుతారు. ఎండ వచ్చే నెలల్లో పెరుగుతారు. ఇక్కడ మంచు లేదు గానీ పంచాంగం ఉంది.

ఆషాఢంలో గృహప్రవేశం చెయ్యరు. మూఢాల్లో చెయ్యరు. మూఢం అంటే ఏమిటి? గురుడు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి దగ్గరగా కనిపించే రోజులు. సూర్యుడి వెలుగులో ఆ చుక్క మన కంటికి కనిపించదు. అందుకే ఆ రోజుల్లో మంచి పనులు ఆపుతారు. పుష్యమాసంలో కూడా చాలామంది గృహప్రవేశం పెట్టుకోరు. అదే పుష్యమాసం గోండులకు ఎంతో పవిత్రమైన నెల. కెస్లాపూర్‌లో నాగోబా జాతర పుష్య అమావాస్యకే మొదలవుతుంది. కెరమెరి మండలంలో జంగుబాయి జాతర కూడా పుష్యంలోనే. ఒకరు పని ఆపుకునే నెలలో ఇంకొకరు దేవుడి దగ్గరికి పోతారు. ఎవరి నమ్మకం వాళ్లది.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇంట్లో పాలు పొంగించడం వేరు, ఇల్లు చూడటం వేరు. ఆషాఢంలో ఇల్లు చూడొద్దని, కాగితాలు అడగొద్దని, బేరం ఆడొద్దని ఏ పంచాంగంలోనూ లేదు. పైగా ఆషాఢం అంటే సరిగ్గా వానల కాలం. జూన్ చివరి నుంచి ఆగస్టు లోపల వస్తుంది. ఇల్లు ఎక్కడ కారుతుందో అప్పుడే కనిపిస్తుంది. కొనేవాళ్లు కూడా ఆ నెలలో తక్కువ. అమ్మే మనిషికి విత్తనాలకు, ఎరువులకు, పిల్లల చదువులకు డబ్బు కావాలి. అందుకే ఆయన మాట కొంచెం మెత్తగా ఉంటుంది. శ్రావణం రాగానే, దసరా దాటి పత్తి డబ్బులు రాగానే ఆ మాట గట్టిపడుతుంది.

మరి ఆషాఢంలో అప్పు తెచ్చి కొనేస్తే? ఇక్కడ లెక్క చూడాలి. ఉదాహరణకు ఒక ఇల్లు కార్తీకంలో 4 లక్షలు చెప్తారు. ఆషాఢంలో 3 లక్షల 85 వేలకు ఇస్తామన్నారు. 15 వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. ఆ మొత్తం డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 7,700 రూపాయల వడ్డీ. పత్తి డబ్బులు వచ్చేదాకా ఐదు నెలలు. వడ్డీ 38,500 రూపాయలు. మిగిలింది 15 వేలు, పోయింది 38 వేల ఐదు వందలు!

అదే 50 వేలు మాత్రం పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకొని బయానా ఇచ్చి, మిగతాది పత్తి అమ్మాక ఇస్తామని రాసుకుంటే? వడ్డీ నెలకు 500. ఐదు నెలలకు 2,500. తగ్గిన ధరలో 12,500 చేతిలో ఉంటాయి. లెక్క ఎవరి ఇంటికి వాళ్లే వేసుకోవాలి. ధరలూ వడ్డీలూ అందరికీ ఒక్కటి కాదు.

మిగతా డబ్బు ఎప్పుడు ఇస్తామో రాసేటప్పుడు తొందర పడొద్దు. "దీపావళికి ఇస్తం" అని చాలామంది రాస్తారు. దీపావళికి మొదటి ఏరుడు పత్తే వస్తుంది. మంచుకు అందులో తేమ ఎక్కువగా ఉంటుంది. సీసీఐ వాళ్లు తేమ 8 శాతం దాకా ఉంటేనే పూర్తి మద్దతు ధర ఇస్తారు. అంతకు మించితే ధర తగ్గిస్తారు. 12 శాతం దాటితే కొనరు. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. తేమ పత్తిని దళారికి ఇస్తే అంత చేతికి రాదు. ఆరబెట్టి అమ్మాలంటే రోజులు పడతాయి. అమ్మినా డబ్బు బ్యాంకు ఖాతాలో పడటానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. అందుకే గడువు సంక్రాంతి దాటాక పెట్టుకుంటే మేలు. గడువు దాటితే బయానా పోతుందని కొన్ని కాగితాల్లో రాస్తారు. సంతకం పెట్టే ముందు ఆ ముక్క ఉందా లేదా చదవాలి. ఇప్పుడు చదవడం వచ్చింది కదా!

బయానాకూ రిజిస్ట్రేషన్‌కూ నడుమ

ఆషాఢంలో బయానా, సంక్రాంతికి రిజిస్ట్రేషన్. నడుమ ఆరు నెలలు. ఈ ఆరు నెలల్లోనే మోసాలు జరుగుతాయి. దసరాకు ధర పెరిగితే అమ్మే మనిషి ఇంకొకరి దగ్గర కూడా బయానా తీసుకోవచ్చు. అందుకే బయానా నోటిమాట మీద ఇవ్వొద్దు. ఇంటి నాలుగు హద్దులు, మొత్తం ధర, ఇచ్చిన డబ్బు, మిగిలిన డబ్బు, గడువు తేదీ కాగితం మీద రాయించాలి. ఇద్దరు సాక్షులు ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారా ఇస్తే అదే ఒక రుజువు.

బయానా కంటే ముందు ఈసీ తీయించాలి. ఆ ఇల్లు ఇంతకుముందు ఎవరికి అమ్మారు, ఎక్కడ తాకట్టు పెట్టారు అన్నది ఈసీలో కనిపిస్తుంది. మీసేవలో అడిగితే ఇస్తారు. ముప్ఫై ఏండ్లకు తీయించుకోవడం మంచిది. రిజిస్ట్రేషన్ రోజు దగ్గర పడినప్పుడు ఇంకోసారి తీయించాలి. నడుమ ఆరు నెలల్లో ఏమైనా జరిగి ఉంటే అందులో బయటపడుతుంది.

తెల్లకాగితం మీద రాసుకొని ఇల్లు కొన్నామనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నూరు రూపాయలు, అంతకు పైన విలువ గల ఇల్లు, స్థలం అమ్మితే ఆ కాగితం రిజిస్ట్రేషన్ కావాల్సిందే. దీనికి ఖర్చు ఉంటుంది. తెలంగాణలో 2021 జులై 22 నుంచి ఈ ఖర్చును నూటికి ఏడున్నర రూపాయలు చేశారు. ఆ లెక్కన 4 లక్షల ఇంటికి 30 వేలు. సర్కారు అప్పుడప్పుడు ఈ లెక్క మారుస్తుంది. ముందే ఆసిఫాబాద్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి ఎంతవుతుందో అడగాలి. ఇంటి ధర ఒక్కటే మనసులో పెట్టుకొని ఈ డబ్బు మరిచిపోతే, చివరి రోజు మళ్లీ రెండు రూపాయల వడ్డీకే పరుగెత్తాలి.

ఇంకో సంగతి ఉంది. ఇది ఏ కాలంలోనూ మారదు. ఆసిఫాబాద్ చుట్టుపక్కల చాలా ఊళ్లు ఏజెన్సీలో ఉన్నాయి. ఆ ఊళ్లలో 1/70 చట్టం నడుస్తుంది. ఇది 1970 ఫిబ్రవరి 3 నుంచి ఉంది. దీని ప్రకారం ఏజెన్సీ ఊరిలో భూమి గానీ స్థలం గానీ గిరిజనులకే అమ్మాలి. గిరిజనులు కానివాళ్లు కొంటే చెల్లదు. అమ్మే మనిషి కూడా గిరిజనుడు కాకపోయినా చెల్లదు. "మా తాతల కాలం నుంచి ఇట్లనే కొంటున్నరు, ఏం కాదు" అని బేరగాడు అంటాడు. ఆయన కమీషన్ ఆయనకు వస్తుంది. డబ్బు పెట్టిన మనిషికి పక్కా కాగితం ఎప్పటికీ రాదు. ఈ చట్టం రావడానికి కారణం ఉంది. అప్పుల కింద, చిన్న చిన్న మోసాల కింద గోండులు, కోలాముల భూములు చాలా పోయాయి. అందుకే ఊరు ఏజెన్సీలో ఉందో లేదో బయానాకు ముందే తహసీల్దారు ఆఫీసులో అడగాలి. గిరిజన స్త్రీ కొంటున్నట్టయితే ఆమెకు ఈ చట్టం అడ్డు కాదు, అండ.

రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద? ఇంట్లో ఈ మాట రావాలి.

"నీ పేరు మీద ఎందుకు వదినె? అన్న పేరు మీద ఉంటే చాలదా?" అని ఆడబిడ్డే అనవచ్చు.

"పత్తి ఏరింది నేను గూడ, సంఘంల అప్పు కట్టేది నేను. ఇద్దరి పేరు మీద పెడితే మీ అన్నకు ఏం తక్కువైతది?" అని జవాబు చెప్పవచ్చు.

భార్యాభర్తలు ఇద్దరి పేరు మీద ఒకే కాగితం చేయించుకోవచ్చు. అట్లా చేస్తే ఒక్కరి సంతకంతో మొత్తం ఇల్లు అమ్మడం కుదరదు.

రిజిస్ట్రేషన్ కాగితం చేతికి వచ్చాక పంచాయతీలో గానీ మున్సిపాలిటీలో గానీ పేరు మార్పించుకోవాలి. ఇంటి పన్ను లెక్క ఏప్రిల్‌లో మొదలై మార్చి 31తో ముగుస్తుంది. సంక్రాంతి దాటాక కొన్న ఇంటికి పాత పన్ను బాకీ ఉందేమో అమ్మిన మనిషి దగ్గర ఉండగానే తేల్చుకోవాలి. కొత్త ఏడాది పన్ను కట్టినప్పుడు రశీదు మీద పేరు సరిగా పడిందో లేదో అక్కడే నిలబడి చదువుకోవాలి. తప్పు పడితే ఆ రోజే దిద్దించాలి. ఆ లోపల మే నెల వస్తుంది. వానలకు ముందే పెంకులు సర్దించుకోవాలి.